పరుపుల గది

ఆ వీధిలో మాట్లాడడానికి ఒక పద్ధతి ఉంది. విమానం వచ్చేదాకా మాట్లాడతారు, నెత్తిమీదికి రాగానే ఆగుతారు, అది పోయాక ఆగిన చోటునుంచే అందుకుంటారు. మాట సగంలో ఉంటే సగంలోనే. బేరమాడేవాడు చెయ్యి గాల్లోకి ఎత్తి ఉంటే ఎత్తినట్టే ఉంచుతాడు, నవ్వుతున్నవాడి మొహాన సగం నవ్వు అలాగే నిలిచి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు వీళ్లకేమైందా అని గుడ్లప్పగించి చూస్తారు. వీధివాళ్లని అడిగితే మాత్రం, మేమెక్కడ ఆగాం, మాట్లాడుతూనే ఉన్నాంగా అంటారు. అది అబద్ధం కాదు. రెప్ప వాల్చిన సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇలా ఆగని ప్రాణి ఆ వీధి మొత్తమ్మీద ఒక్కతే ఉండేది. దానికి నాలుగో ఏడు నడుస్తోంది. పేరు ఘనంగానే పెట్టారుగానీ అందరూ గువ్వ అంటారు. గువ్వ ఆగకుండా మాట్లాడుతోందంటే ఆ పుణ్యం వాళ్ల అమ్మమ్మది.

అమ్మమ్మని వీధంతా పరుపులక్క అంటుంది. పరుపులూ దిళ్లూ కుట్టడం ఆమె వృత్తి. తనకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలవడంవల్ల ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమె పక్కకి చూస్తుంది, ఇంకెవరినో అనుకుని. ఆమెది వీధి చివరి ఇల్లు. వెనక తలుపు తీస్తే మడుగు, మడుగు నిండా మనిషెత్తు జమ్ము, జమ్ముకి అవతల ఇనపకంచె, కంచెకి అవతల విమానాలు దిగే రన్‌వే. జమ్ముకంకులు పండి విచ్చుకునే రోజుల్లో మోకాలిలోతు నీళ్లలో దిగి, ఆ కంకులు కోసుకొచ్చి, ఎండబెట్టి, ఆ దూదిని దిళ్లలో కూరుతుంది. ఆ దిండు మీద తల పెడితే చల్లగా ఉంటుందని పనిగట్టుకుని వచ్చి కుట్టించుకునేవాళ్లున్నారు.

గువ్వ నెలలు నిండకుండా పుట్టింది. ఇంటికి తెచ్చిన మొదటి రోజే తెలిసొచ్చింది. విమానం వచ్చినప్పుడల్లా పసిదాని ఒళ్లంతా ఎగిరిపడేది. పిడికిళ్లు బిగుసుకునేవి. ఏడుపు గొంతులోనే ఇరుక్కుని పెదాలు నీలంగా మారేవి. ఈ పిల్లకి నిశ్శబ్దమే మందు అన్నాడు డాక్టరు. ఆ మందు ఏ కొట్లో అమ్ముతారో మాత్రం చెప్పలేదు. తల్లి ఆ డాక్టరుండే ఆసుపత్రిలోనే నర్సు, ఏ పూట ఏ షిఫ్టో ఆమెకే తెలీదు. తండ్రి సరుకుల లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. కాబట్టి నిశ్శబ్దం సంపాదించే పని అమ్మమ్మ మీద పడింది.

ఆమెకు వచ్చిన విద్య ఒక్కటే. ఇంటి మధ్యగదిలో నాలుగు గోడలకీ కిందినుంచి పైదాకా పరుపులు కుట్టి బిగించింది. కిటికీకి సరిపడా మందపాటి దిండు కుట్టి దాన్ని పూర్తిగా మూసేసింది. గుమ్మానికి బొంతల మీద బొంతలు వేసి కుట్టిన తెర, పైకప్పుకి దుప్పట్ల గుడారం. అమ్మకానికి కుట్టిన సరుకులో మంచిదంతా ఆ గదికే పోయింది. అంతా అయ్యాక, పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది. విమానం వచ్చింది. పక్కింట్లో ఎవరో బీరువా జరిపినట్టు వినిపించింది, అంతే. గువ్వ పాలు తాగుతూనే ఉంది. పరుపులక్క అప్పుడు ఏడ్చింది, చప్పుడు కాకుండా.

ఆ గదిలోనే గువ్వ నిద్రపోవడం నేర్చింది, బోర్లాపడింది, మాటలు నేర్చింది. నేర్చిన మాటలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఈ పిల్ల వాగుడుకి తాళం ఎక్కడుందో చెప్పమ్మా అని కూతురు విసుక్కుంటే పరుపులక్కకి నెత్తిన పాలు పోసినట్టుండేది.

అలాంటి రోజుల్లో రెండో రన్‌వే కబురొచ్చింది. మడుగు పూడ్చేసి దానిమీద వేస్తారట. కంచె జరుగుతూ జరుగుతూ పరుపులక్క పెరటిగోడ దాకా వస్తుందట. జమ్ములో గూళ్లు కట్టుకునే నీటికోళ్లు ఎక్కడికి పోవాలో, వీధి బావుల్లో ఊట ఏమవుతుందో, జనం చెవుల సంగతేమిటో చూసిన పాపాన ఎవరూ పోలేదు. పర్యావరణానికి చెప్పుకోదగ్గ నష్టం లేదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యం రాసిన మహానుభావుడు ఒక్క పూటైనా ఆ మడుగు గట్టు మీద నిలబడ్డాడా అంటే అదీ లేదు.

వీధంతా కలిసి కోర్టుకెక్కింది. వీళ్ల తరఫున నిలబడ్డ ప్లీడరమ్మ చిన్నదే అయినా గట్టిది. కంచెకి అందరికంటే దగ్గర ఎవరిల్లో వాళ్ల పేరు అర్జీలో ముందుండాలంది. అలా పరుపులక్క మొదటి అర్జీదారయింది. కోర్టు గుమ్మం తొక్కడమంటే ఆమెకి ఒళ్లంతా చెమటలే. అయినా సంతకం పెట్టింది. మడుగు పోతే తన దిళ్లు పోతాయన్నది నిజమే, కానీ ఆమె పెట్టింది దానికోసం కాదు. పెరటిగోడ మీదుగా విమానాలు దిగడం మొదలైతే ఆ చప్పుడుని లోకంలో ఏ పరుపూ ఆపలేదని కుట్టేదానిగా ఆమెకు తెలుసు.

ఎదురింట్లో మైకు బాబాయి ఉంటాడు. సైకిళ్లు బాగుచేస్తాడు. విమానాల కింద బతికి బతికి గొంతు పెంచుకున్న మనిషి, రహస్యం చెబితే నాలుగిళ్లవతలికి చేరుతుంది. కోర్టులో ఏం జరిగినా ఆయన నోటితోనే వీధికి తెలిసేది. ఒకరోజు ఆయన సైకిల్ దిగకుండానే చెప్పుకుపోయాడు. జడ్జిగారు కాగితాల మీద తేలే విషయం కాదన్నారట. ఒక కమిషనర్ని వేసి, వెళ్లి కళ్లతో చూసి రమ్మన్నారట. మడుగు ఎలా ఉందో చూడాలి, ఇళ్లలో చప్పుడు ఎంతుందో మీటరు పెట్టి కొలవాలి. కొలిచేది మొదటి అర్జీదారు ఇంట్లోనే.

ఇక్కడే వీధి తన కొంప తనే ముంచుకుంది. చెడ్డతనంతో అయితే పోనీలే అనుకోవచ్చు, మంచితనంతో ముంచుకుంది.

కోర్టు నుంచి పెద్దావిడ వస్తోందంటే మన వీధి ఇలాగా ఉండేది అన్నాడు మైకు బాబాయి. అంతే, ముందురోజు ఉదయం నుంచి అందరూ నడుం బిగించారు. చెట్ల ఆకుల మీద పేరుకున్న నల్లటి మసిని గుడ్డలు తడిపి తుడిచారు. వాకిళ్లు కడిగారు. మడుగు ఒడ్డున నూనె తెట్టు కట్టి ఉంటే పాత చీరలు పరిచి లాగేశారు. ఎండి నల్లబడ్డ జమ్ముని కోసి పారేశారు. చచ్చిన చేపలు రెండు మూడు తేలుతుంటే, చూస్తే ఆవిడ కడుపులో దేవుతుందని, ఏరి పాతిపెట్టారు. సాయంత్రానికి ఆ మడుగు క్యాలెండరు బొమ్మలా తయారైంది. అందరూ ఒకరినొకరు మెచ్చుకుని ఇళ్లకి పోయారు.

మర్నాడు కమిషనరుగారు వచ్చింది. జుట్టు తెల్లబడ్డ మనిషి, ఏదీ గబుక్కున నమ్మని కళ్లు. వెంట మీటరు పెట్టె మోస్తూ ఒకతను, విమానాశ్రయం వాళ్ల ప్లీడరు. మన ప్లీడరమ్మకి అదే వేళకి ఇంకో కోర్టులో కేసు పిలిచారు, ఆలస్యమవుతుందని కబురు పెట్టింది. కమిషనరుగారు మడుగంతా చుట్టి వచ్చేసరికి మొహం ఎర్రబడింది, మోకాళ్లు పట్టుకుని నడుస్తోంది. పరుపులక్క ప్రాణం ఉసూరుమంది. రండమ్మా, కాసేపు లోపల కూర్చోండి అని, ఆ ఇంట్లో ఉన్నవాటిలో మంచి చోటుకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

ఆ ఇంట్లో మంచి చోటు ఏదో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

వెనకే మీటరు మనిషీ వెళ్లాడు. పెట్టె తెరిచి బల్ల మీద పెట్టుకున్నాడు. విమానాశ్రయం ప్లీడరు ఆ పరుపుల గోడల వంక చూసి, పరుపులు కుట్టే ఇల్లు కదా, సరుకు ఇలా పెట్టుకుంటారు కాబోలు అనుకున్నాడో, లేక అంతా అర్థమై నోరు మూసుకున్నాడో, ఆ పాపం ఆయనకే తెలియాలి. పరుపులక్క నిమ్మరసం కలిపి తెచ్చింది. గువ్వ కమిషనరుగారి మోకాళ్ల దగ్గర చేరి, జమ్ములో నీటికోడి పిల్లల్ని పెట్టిందని, అవి అమ్మ వెనకాలే ఈదుతాయని వరసపెట్టి చెప్పింది. పైన విమానాలు పోతూనే ఉన్నాయి. పాప భలే మాట్లాడుతుందే అంది కమిషనరుగారు. పరుపులక్క పొంగిపోయింది.

ప్లీడరమ్మ ఆయాసపడుతూ వచ్చేసరికి మీటరు పెట్టెలోకి వెళ్లిపోయింది.

రిపోర్టు వచ్చాక తన ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి ప్లీడరమ్మే చదివి వినిపించింది. మడుగు శుభ్రంగా ఉంది. నీటి మీద తెట్టు గానీ చచ్చిన జీవాలు గానీ కనపడలేదు. చెట్లు పచ్చగా ఉన్నాయి. ఇంటి లోపల చప్పుడు ఉండవలసిన మేరకి లోబడే ఉంది. ఇంట్లోని చిన్నపాప హాయిగా మాట్లాడుతోంది. చదవడం పూర్తయ్యాక మైకు బాబాయి కూడా నేల చూపులు చూశాడు. ఆ మనిషి గొంతు అంతసేపు వినపడకపోవడం అదే మొదలు.

"ఆ గదిలో ఎందుకు కూర్చోబెట్టావక్కా?" అంది ప్లీడరమ్మ చివరికి. కోపం కూడా లేదు గొంతులో.

"పెద్దావిడ. కాళ్లు నొప్పులని పాపం కుంటుతోంది," అంది పరుపులక్క. "వాకిట్లో నిలబెట్టి ఎలా మాట్లాడతానమ్మా?"

దానికి ఏ చట్టం చదివినా జవాబు దొరకదు. ప్లీడరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

రిపోర్టు మీద అభ్యంతరం వేశారు. ఆ గది అలా ఎందుకుందో పరుపులక్క ప్రమాణపత్రం మీద చెప్పింది. అవతలి ప్లీడరు లేచి, ఈసారి చెప్పి వెళితే వీళ్లు కావలసినట్టు నాటకం కడతారన్నాడు. మొన్న కట్టిన నాటకం ఎవరికి పనికొచ్చిందో మరి. జడ్జిగారు ఇద్దరి మాటా విని మధ్యేమార్గం చెప్పారు. కమిషనరు మళ్లీ వెళుతుంది, ఎప్పుడన్నది ఎవరికీ చెప్పదు. కొలిచేది అదే ఇల్లు, అదే గది. ఆమె వచ్చేదాకా ఆ గది మిగతా ఇళ్లలో గదులు ఎలా ఉంటాయో అలా ఉండాలి.

అంటే పరుపులు తియ్యాలి. తీసి, ఎప్పుడొస్తుందో తెలియని మనిషి కోసం అలాగే ఉంచాలి. గువ్వని అన్నాళ్లు పంపడానికి ఇంకో ఇల్లు లేదు. తండ్రి వైపు వాళ్లెవరూ మిగల్లేదు, తల్లి ఉండే నర్సుల హాస్టల్లోకి పిల్లల్ని రానివ్వరు.

కూతురు ఆ పూటే షిఫ్టు దిగి వచ్చింది. యూనిఫారం మార్చుకోకుండానే గుమ్మంలో నిలబడి సంగతంతా వింది. చిన్నప్పటి నుంచి తల్లికి ఎదురు చెప్పని పిల్ల. ఆరోజు చెప్పింది.

"నీ కేసుకి నా కూతుర్ని సాక్ష్యం పెడతావా?"

"నా కేసేంటే? దానికోసం కాకపోతే నాకెందుకు ఈ కోర్టులు?"

"పుట్టినప్పుడు దాని పెదాలు ఎలా అయ్యేవో నేను చూశాను. నువ్వూ చూశావు."

"చూశాను కాబట్టే," అంది పరుపులక్క. "ఈ గోడ పక్కనే రన్‌వే వేశాక నా పరుపులు ఎందుకూ పనికిరావు. అప్పుడు దాన్ని ఏ గదిలో దాచను? కొన్నాళ్లు ఓర్చుకుంటే ఈ గది దానికి కలకాలం ఉంటుంది. లేదంటే ఈ కొన్నాళ్లు ఉంటుంది, తర్వాత ఉండదు. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?"

కూతురు గోడకి ఆనుకుని, తన చిన్నప్పటి చీర ముక్కలతో కుట్టిన పరుపు మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత లోపలికెళ్లి కత్తెర తెచ్చి తల్లి చేతికిచ్చింది. ఇచ్చి, పని ఉందని బయటికి వెళ్లిపోయింది. పని ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

పరుపులక్క తను వేసిన కుట్లు తనే విప్పింది. బిగువుగా వేసిన కుట్లు, తేలిగ్గా రాలేదు. తియ్యగానే గోడల మీద తెల్లటి మచ్చలు పరుపుల ఆకారంలో బయటపడ్డాయి. కిటికీ తెరుచుకుంది. గువ్వ చప్పట్లు కొట్టి, అమ్మమ్మా, మన గదిలోకి మడుగు వచ్చింది అంది. దాని మాట పూర్తికాకముందే విమానం వచ్చింది.

ఆ మొదటి రోజుల గురించి ఎక్కువ చెప్పడం నాకిష్టం లేదు. పిల్ల ఎగిరిపడేది. అమ్మమ్మ చీర చెంగులో తల దూర్చి వణికేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, చప్పుడు రాగానే ఉమ్మేసేది. పరుపులక్క రెండు అరచేతులతో దాని చెవులు మూసి, తన చెవుల సంగతి మరిచిపోయి, పెరట్లోకి చూస్తూ కూర్చునేది. కుట్టిన దిండల్లా వంకరే. ఎన్నోసార్లు లేచి వెళ్లి, మూల చుట్టి పెట్టిన పరుపుల్ని తాకి, మళ్లీ వచ్చి కూర్చునేది. గుమ్మానికి తెర ఒక్కటైనా కడదామా అనిపించేది. కడితే, సరిగ్గా అప్పుడే ఆవిడ వస్తే? అవతలి ప్లీడరు చేతికి కర్రిచ్చినట్టే. కూతురు ఫోను చేసి, ఎలా ఉంది అని మాత్రం అడిగేది. బాగానే ఉంది అని మాత్రం చెప్పేది ఈవిడ.

కొన్నాళ్లకి గువ్వ ఏడుపు తగ్గింది. చెంగులో దూరడం మానింది. అన్నం ఉమ్మడం మానింది. కిటికీ దగ్గర కూర్చుని మళ్లీ కబుర్లు మొదలుపెట్టింది. పరుపులక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. చూశావా, పిల్ల అలవాటు పడింది, నువ్వు అనవసరంగా బెంగపడ్డావు అని కూతురికి తనే ఫోను చేసి చెప్పింది. వీధిలో అందరికీ చెప్పింది. అందరూ సంతోషించారు.

కమిషనరుగారు ఒక ఉదయం చెప్పాపెట్టకుండా వచ్చేసింది. ఈసారి మడుగు ఒడ్డున తెట్టు తెట్టులాగే ఉంది, మసి మసిలాగే ఉంది. ఊడవాలని చేతులకి జిల పుట్టినా ఎవరూ చీపురు ముట్టలేదు. ఆవిడ వేలితో ఒక ఆకు మీద గీత గీసి, ఆ వేలు చాలాసేపు చూసుకుంది. కబురందుకుని ప్లీడరమ్మ పరిగెత్తుకొచ్చింది, అవతలి ప్లీడరూ వచ్చాడు. బోసిగోడల గదిలో మీటరు పెట్టారు. పరుపులక్క ఈసారి నిమ్మరసం ఇవ్వాలా వద్దా అని ప్లీడరమ్మ వంక చూసింది. ఇవ్వచ్చు అక్కా, అని నవ్వింది ఆమె.

మీటరు మనిషి అంకెలు రాసుకుంటున్నాడు. అంకెలు పెద్దవేనని అతని మొహమే చెబుతోంది. అవతలి ప్లీడరు మాత్రం గువ్వ వైపు చూపించి, అంకెల మాట ఎలా ఉన్నా మనుషులకి ఇబ్బంది ఉన్నట్టు లేదండీ, చూడండి పాప ఎంత చక్కగా ఆడుకుంటోందో అన్నాడు. పొడిగా అన్నాడు గానీ ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. పిల్ల నిజంగానే ఆడుకుంటోంది మరి.

కమిషనరుగారు గువ్వని దగ్గరికి పిలిచింది. నేను గుర్తున్నానా, నీటికోడి ఏం చేస్తోందిప్పుడు అని అడిగింది. గువ్వకి అదే కావాలి. చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది.

"పాత గూడు నీళ్లలో మునిగిపోయింది కదా, అందుకని అది జమ్ములో కొత్త గూ"

ఆగింది. నోరు గుండ్రంగా తెరిచినట్టే ఉంది. రెండు చేతులూ గూడు ఆకారంలో గాల్లో నిలిచాయి. కళ్లలో భయం లేదు, ఏమీ లేదు. విమానం ఇంటిమీదుగా వచ్చింది, గిన్నెలు గలగలమన్నాయి, వెళ్లింది.

"డు కట్టింది," అంది గువ్వ. "పిల్లలు మాత్రం పాత గూటి దగ్గరికే పోతాయి. పిచ్చివి."

కమిషనరుగారు పెన్ను కింద పెట్టింది. "పాప మధ్యలో ఎందుకాగింది?" అంది.

ఎవరికీ ప్రశ్న అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడ్డ మైకు బాబాయి, "ఎక్కడాగిందండీ? చెబుతూనే ఉందిగా," అన్నాడు. ఆయన అంటుండగానే ఇంకో విమానం వచ్చింది. ఆయన మరేదో చెప్పబోయి, నోరు తెరిచి, వేలు ఎత్తి, అలాగే ఉండిపోయాడు. పరుపులక్క చేతిలో నిమ్మరసం గ్లాసు అందించబోతూ సగంలో ఉంది, అక్కడే ఉంది. గువ్వ అమ్మమ్మ వంక చూస్తూ బొమ్మలా కూర్చుంది. ఆ గదిలో కదిలింది కమిషనరుగారి కళ్లూ ఇద్దరు ప్లీడర్ల కళ్లూ మీటరు మనిషి కళ్లూ మాత్రమే. అవి ఒక్కొక్క మొహం మీదుగా తిరిగి పిల్ల దగ్గర ఆగాయి.

చప్పుడు పోయింది. "గాలికి తలుపు కొట్టుకుంటే కూడా మేం ఆగమండీ," అని బాబాయి తన మాట పూర్తి చేశాడు.

"మొన్న నేనొచ్చినప్పుడు ఈ పాప ఆగలేదు," అంది కమిషనరుగారు నెమ్మదిగా. "ఎప్పట్నుంచి ఇలా?"

పరుపులక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. అప్పుడు చూసింది ఆమె, తన మనవరాలిని మొదటిసారి చూస్తున్నట్టు. ఎన్ని రోజుల నుంచి ఇలా ఆగుతోందో, తను ఎన్నిసార్లు పక్కనే కూర్చుని దానితోపాటు ఆగిందో. ఏడుపు తగ్గిందని ఊరంతా చెప్పుకున్న రోజు కూడా ఇలాగే ఆగి ఉంటుంది. పరుపుల చుట్ట మీద కూలబడింది.

"పరుపులు తీసిన దగ్గర్నుంచి అయి ఉంటుందమ్మా," అంది. "నేను చూసుకోలేదు."

కమిషనరుగారు మళ్లీ పెన్ను తీసుకుంది. చాలాసేపు రాసింది. ప్లీడరమ్మ పరుపులక్క భుజం మీద చెయ్యి వేసి, ఇది చాలక్కా, మీటరు చెప్పలేనిది ఇది చెప్పింది అని గుసగుసలాడింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. ఆమె తప్పు కాదు, ఆమె పని అది. పరుపులక్కకి మాత్రం ఆ చేతిని తోసెయ్యాలనిపించింది.

ఆ రిపోర్టు చదివాక జడ్జిగారు మడుగులో తట్టెడు మట్టి కూడా పొయ్యొద్దన్నారు. నీళ్లూ నేలా జీవాలూ మనుషులూ ఏమవుతారో మొదటినుంచీ సక్రమంగా లెక్క తీసి, వీధివాళ్ల మాట విని, ఆ తర్వాతే రెండో రన్‌వే మాటెత్తమన్నారు. అది ఏళ్ల పని, బహుశా ఇంక జరగని పని అంది ప్లీడరమ్మ. మైకు బాబాయి ఆ కబురు చెబుతుంటే నిజంగా మైకు అవసరం లేకపోయింది. వీధిలో ఆడా మగా బయటికొచ్చి గట్టు మీద నిలబడి మడుగుని చూశారు, ఏదో కొత్తగా కొనుక్కున్నదాన్ని చూసినట్టు. మొదటి రన్‌వే మీద విమానాలు మామూలుగానే దిగుతున్నాయి. వాటి మీద కేసు ఎవరూ వెయ్యలేదు.

పరుపులక్క గట్టు మీదికి వెళ్లలేదు. కూతురు సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరూ కలిసి పరుపులు మళ్లీ గోడలకి ఎత్తారు, పాత మచ్చల మీద పాత పరుపులే. కూతురు పట్టుకుంటే తల్లి కుట్టింది. కిటికీ మూశారు, గుడారం కట్టారు, గుమ్మానికి తెర వేశారు. బయట బాబాయి గొంతు కూడా ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టయింది. తల్లీకూతుళ్లు చెమట తుడుచుకుని కింద కూర్చున్నారు. కూతురు ఆ పూట మొదటిసారి తల్లి మొహంలోకి చూసి కొంచెం నవ్వింది.

గువ్వ మధ్యలో కూర్చుని నీటికోడి సంగతి తల్లికి చెప్పడం మొదలుపెట్టింది. తల్లి ఇంకా వినలేదుగా.

"అప్పుడేమో అది జమ్ములో కొత్త గూ"

పక్కింట్లో ఎవరో బీరువా జరిపినట్టయింది. అంతకంటే ఏమీ వినపడలేదు. గువ్వ నోరు గుండ్రంగా తెరిచి, చేతులు గాల్లో నిలిపి, దుప్పట్ల కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది. కూతురి నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

"ఇక్కడ వినపడదు కదమ్మా," అంది పరుపులక్క. "ఆగక్కర్లేదు. చెప్పు."

పిల్ల తలూపలేదు, చూపు దించలేదు. విమానం వెళ్లేదాకా ఆగి, "డు కట్టింది," అంది.

పరుపులక్క దాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఇంకోసారి చెప్పు బంగారూ, మొదట్నుంచీ చెప్పు, నేను వింటాను అంది. గువ్వకి ఎన్నిసార్లు చెప్పమన్నా సంబరమే. పాత గూడు నీళ్లలో మునిగిపోయింది కదా అని మళ్లీ ఎత్తుకుంది. అమ్మమ్మ రెండు చేతులూ దాని చెవుల దాకా వెళ్లి, ఏం మూయాలో తెలియక, అక్కడే ఉన్నాయి. కంచె అవతల ఇంకో విమానం బయల్దేరుతోంది.